నూట తొంభై రెండు వాట్లు

గోదావరిఖని

శోభా,

ఆదివారం ఫోన్ల నువ్వు అడిగిన దేనికీ నేను సక్కగ జవాబు చెప్పలే. కోపం చేసుకోకు. ఇక్కడున్నది ఒకటే పెద్ద అర్ర. బాపు మంచం మీదికెళ్లి నా మొఖమే చూస్తుంటడు. ఆయన ముంగట ఏం చెప్పుదు? మీ హాస్టల్ల ఫోన్ వారానికి ఒక్కసారే ఇస్తరు గాబట్టి కాయిదం మీదనే రాస్తున్న.

నువ్వు దసరాకు వచ్చి పోయినంక సెంటినరీ కాలనీల మన క్వార్టర్ ఖాళీ చేసినం. బాపు రిటైరైనంక బొగ్గుబాయి కంపెనీవాళ్లు ఇంకెన్నాళ్లు ఉండనిస్తరు? ఇప్పుడు ఖనిల ఆగయ్య అనే ఆయన ఇంట్ల కిరాయికున్నం. పక్కపొంటి సర్వర్ అనే ఆయన వెల్డింగ్ షాపు. షాపు ఎనుకనే వాళ్ల ఇల్లు. ఆయన భార్య నుస్రత్ బేగం మంచి మనిషి.

బాయిల పీల్చిన బొగ్గు దుమ్మంత బాపు ఊపిరితిత్తులల్ల పేరుకపోయిందని దవాఖానల చెప్పిండ్రు. ఇంట్ల ఆక్సిజన్ మిషన్ పెట్టుకొమ్మన్నరు. సిలిండర్ కాదు, కరెంటు మీద నడిచి గాలిలకెళ్లే ఆక్సిజన్ తీసి, సన్న ట్యూబుతోని ముక్కుకు అందిస్తది. నువ్వు ఫికర్ చెయ్యకు. పెట్టుకున్నంక బాపు మంచిగనే ఉంటుండు. తింటుండు, పేపర్ చదువుతుండు.

తిప్పలంత కరెంటుతోనే. పొద్దుగాల, పొద్దుగూకంగ లైటు మసకబారుతది. మిషన్ ఈల కొట్టి ఆగిపోతది. అది ఆగితే బాపుకు దమ్ము వస్తది. రెండు చేతులతోని మంచం పట్టెలు పట్టుకొని కూసుంటడు. సర్వర్ వెల్డింగ్ పెట్టినందుకే మన కరెంటు పడిపోతందని అవ్వ పోయి లొల్లి పెట్టింది. ఆయన నెమ్మదిగ, తను షాపు బంద్ పెట్టిన రోజు గూడ మన లైటు గట్లనే ఉన్నదని చెప్పిండు. అవ్వ ఇనలే. నానా మాటలన్నది. ఇంటి ఓనర్ ఆగయ్య గూడ వెల్డింగ్ మీదనే పెడుతుండు.

నువ్విప్పుడు ఫిజిక్స్‌ల కరెంటు పాఠాలు చదువుతున్నవు గదా. ఇది ఏందో, ఎవరిని అడగాలెనో జర రాయి. నాకు మెడికల్ షాపుల నిలవడితే పానం ఇంటి మీదనే ఉంటంది.

నీ అక్క,
జమున


గురుకులం హాస్టల్, కరీంనగర్

జమునక్కా,

నీ ఉత్తరం మెస్సుల చదివిన. బువ్వ సగంల ఇడిచి లేచిన.

మా ఫిజిక్స్ మేడం పేరు తస్లీమా. ఆమెను అడిగిన. ఊకె ఒకరి మీద అనుమానపడుడు కాదు, కొలిచి చూడాలె అన్నది. రెండు తీర్ల కావచ్చు. ఒకటి, బయట లైన్లనే వోల్టేజి తక్కువ వస్తుండవచ్చు. గప్పుడు సర్వర్ షాపు మీద అనుమానపడొచ్చు. రెండు, బయటికెళ్లి మంచిగనే వచ్చి మన ఇంటి లోపట్నే ఎక్కడనో తగ్గుతుండవచ్చు.

అందుకే రెండు జాగలల్ల కొలవాలె. బయట మీటర్ డబ్బా కాడ ఒకసారి, మిషన్ ప్లగ్గు పెట్టే బోర్డు కాడ ఒకసారి. వైరుకు పటకారు లెక్క పట్టిస్తే ఎన్ని ఆంప్స్ కరెంటు పోతందో చెప్పే మీటరు ఉంటది, ఎలక్ట్రీషియన్ల కాడ దొరుకుతది. మొదలు మిషన్, లైటు మాత్రమే నడిచేటప్పుడు కొలవాలె. తర్వాత ఇంట్ల ఎక్కువ కరెంటు తాగేది ఏదున్నదో అది గూడ పెట్టి మళ్ల కొలవాలె.

నువ్వు మాత్రం కొలవకు అక్కా. పని తెలిసినోళ్లతోని చేయించు. నువ్వు పక్కన నిలవడి అంకెలు రాసుకో, సాలు.

ఇంకొకటి అడుగుత. పొద్దుగాల, పొద్దుగూకంగనే ఎందుకు మసకబారుతంది? ఆ టైముకు మీరేం పెడుతున్నరు?

బాపు మంచిగున్నడని రాసినవు. మంచం పట్టెలు పట్టుకొని కూసుంటడని గూడ నువ్వే రాసినవు. రెండిట్ల ఏది నమ్మాలె?

శోభ


గోదావరిఖని

శోభా,

నువ్వు చెప్పినట్టే కొలిపిచ్చిన. ఎవరు కొలిచిండ్రో తెలుసా? సర్వరే. మొయినుద్దీన్ అనే ఎలక్ట్రీషియన్ కోసం పోతే దొరకలే. నుస్రత్ బేగం బట్టలు ఆరేసుకుంట నా మాటలు ఇన్నది. లోపటికి పోయి మొగనితోని చెప్పి, మీటరు ఇప్పిచ్చి తోలిచ్చింది. అవ్వ అన్ని మాటలన్నంక ఆయన మన గడప తొక్కుతడనుకోలే. అవ్వ వంటింట్లకెళ్లి బయటికే రాలే.

పొద్దుగాల, పొద్దుగూకంగ ఏం పెడుతున్నరని అడిగినవు. సలి ఎక్కువైంది గదా, బాపు వణుకుతుండు. అందుకే కాయిల్ హీటరు పెడుతున్నం. మిషన్, హీటరు రెండూ ఒకటే బోర్డుకు.

అంకెలు ఇవి. హీటరు లేనప్పుడు మీటర్ డబ్బా కాడ 228 వోల్టులు, మంచం కాడి బోర్డుల 222, పోయే కరెంటు 2 ఆంప్స్. హీటరు పెట్టినంక డబ్బా కాడ 226, బోర్డుల 202, కరెంటు 8 ఆంప్స్. తర్వాత సర్వర్ తన షాపుల వెల్డింగ్ పెట్టించి డబ్బా కాడ మళ్ల కొలిచిండు. రెండు మూడు వోల్టులే తగ్గింది. ఆ అంకె గూడ రాసుకొమ్మన్నడు. నాకే తల ఎత్తబుద్ధి కాలే.

బాపు సంగతి అడిగినవు. నిన్నటికెళ్లి జర హుషారుగున్నడు. మంచం గోడకు ఆనిచ్చి ఏసినం. ఆ గోడ ఎచ్చగుంటది, వీపు ఆనిచ్చి కూసుంటే పానానికి హాయిగున్నదంటుండు. అవ్వ గూడ బాపు తువ్వాల గా గోడకే ఆరేస్తంది, జల్ది ఆరుతది. అప్పుడప్పుడు ఏదో మాడిన వాసన వస్తది. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిల బ్లాస్టింగ్ వాసననో, వెల్డింగ్ షాపుదో అనుకుంటున్నం.

పరీక్షలు దగ్గరికొచ్చినయ్. ఈ అంకెలు చూసి ఒక ముక్క రాసి, నీ చదువు నువ్వు చదువుకో.

జమున


గురుకులం హాస్టల్, కరీంనగర్

అక్కా,

ముందుగాల హీటరు బంద్ చెయ్యి. తర్వాత ఈ ఉత్తరం చదువు.

నువ్వు రాసిన అంకెలతోని లెక్క చేసిన. హీటరు పెట్టినప్పుడు డబ్బా కాడ 226 ఉన్నది బోర్డు కాడికి వచ్చేసరికి 202 అయింది. అంటే నడుమ దారిలనే 24 వోల్టులు పోయినయ్. వోల్టులను ఆంప్స్‌తోని భాగిస్తే ఆ దారి కరెంటును ఎంత అడ్డుకుంటందో తెలుస్తది, దాన్నే రెసిస్టెన్స్ అంటరు. 24ను 8తోని భాగిస్తే 3 ఓములు. హీటరు లేనప్పటి అంకెలు గూడ చూసిన. 228లకెళ్లి 222 తీస్తే 6. దాన్ని 2తోని భాగిస్తే మళ్ల 3 ఓములే. రెండుసార్లూ గదే వచ్చింది. అంటే ఆ మూడు ఓములు మన ఇంటి లోపటివే, సర్వర్ షాపువి కావు. అంత దూరం మంచి రాగి వైరుకు పావు ఓము గూడ ఉండొద్దు అన్నది మేడం. నడుమ ఎక్కడనో జాయింటు వదులై, కాలిపోతందన్నట్టు.

వోల్టులను ఆంప్స్‌తోని గుణిస్తే వాట్లు వస్తయి. హీటరు లేనప్పుడు 6 ఇంటు 2, పన్నెండు వాట్లు. గంతే. హీటరు పెట్టంగనే 24 ఇంటు 8, నూట తొంభై రెండు వాట్లు. కరెంటు నాలుగింతలైతే ఏడి పదహారింతలైంది. ఆ నూట తొంభై రెండు వాట్లు లైటుకు పోతలేవు, మిషన్‌కు పోతలేవు. ఒక్క జాయింటు కాడ మంటలెక్క కాగుతున్నయ్. అది ఎక్కడ కాగుతందో నువ్వు రాయకపోతే నాకు తెల్వకపోయేది. గోడ ఎచ్చగుంటదని రాసినవు గదా అక్కా. బాపు వీపు ఆనిచ్చి కూసున్నది దానికే.

లెక్క తప్పిందేమో అని మూడుసార్లు చేసిన. తస్లీమా మేడం చూసి, తప్పు లేదని చెప్పి, వెంటనే నన్ను ఆఫీసు రూముకు తీసుకపోయింది. నీ ఫోన్‌కు చేస్తే బంద్ అని వస్తంది. ఇంటి ఫోన్ అవ్వ ఎత్తింది. హీటరు ఆపు, మంచం జరుపు అని చెప్పిన. సరే బిడ్డ, సరే అన్నది. నువ్వు తిన్నవా అని అడిగింది. ఆ సరే అన్న తీరుకే నాకు బుగులైతంది. నేను చిన్నప్పుడు దయ్యం ఉన్నదంటే గూడ అవ్వ గట్లనే సరే సరే అనేది.

ఇంకొకటి ఉన్నది. ఆక్సిజన్ మిషన్ నడిచే కాడ చిన్న నిప్పురవ్వ పడ్డా గప్పున అంటుకుంటదని మేడం చెప్పింది. బాపు బట్టలకు, దుప్పటికి ఆక్సిజన్ పట్టి ఉంటదట.

నా దోస్తు వాళ్ల నాయిన బిక్షం కాక కమాన్‌పూర్‌కెళ్లి బిడ్డను చూసిపోదామని వచ్చిండు. ఆయన డ్యూటీ ఖనిలనే. ఉత్తరం సీదా నీ మెడికల్ షాపుల ఇయ్యుమని కాళ్లు మొక్కినంత పని చేసిన. నీ ఫోన్ కలిసేదాక మేడం గూడ చేస్తనే ఉంటనన్నది.

మంచం జరుపు అక్కా. మొదలు గదొక్కటి చెయ్యి.

శోభ


గోదావరిఖని

శోభా,

బాపు క్షేమం. ఇల్లు క్షేమం. ముందుగాల గది చదువుకొని నిమ్మళపడు.

నా ఫోన్ ఆ దినం చార్జింగ్ లేక బందై ఇంట్లనే ఉన్నది. బిక్షం కాక వచ్చి కౌంటర్ మీద నీ ఉత్తరం పెట్టిండు. మొదటి లైను చదివి షాపు ఓనర్‌కు చెప్పకుండనే ఉరికిన. ఇంట్లకు పోయి చూస్తే హీటరు ఎర్రగ మండుతంది. నువ్వు ఫోన్ చేసినంక అవ్వ ఆపిందట. జర సేపు కాంగనే బాపు వణుకుతుంటే సూడలేక మళ్ల పెట్టిందట. నేను స్విచ్ బంద్ చేసి గోడ మీద చెయ్యి పెట్టిన. బాపు మెడకు జర మీద, క్యాలెండర్ తగిలిచ్చిన జాగల, చెయ్యి పెట్టి ఉంచలేకపోయిన.

మొయినుద్దీన్‌ను పిలిపిచ్చిన. ఆయన నీ అంకెలు చూసి, గోడ తట్టి చూసి, పలగ్గొట్టాలె అన్నడు. గంతల ఆగయ్య వచ్చిండు. కొత్త వైరింగ్ అది, గోడ ముట్టొద్దు, ఇంటర్ చదివే పిల్ల లెక్కలకు నా ఇల్లు కూలగొడతరా అని అడ్డం నిలవడ్డడు. నేను నీ ఉత్తరం చూపిచ్చుకుంట వాదిస్తున్న. అవ్వ ఏడుస్తంది. మేము గట్ల లొల్లి పెట్టుకుంటుంటే సర్వర్ లోపటికి వచ్చిండు.

"గోడ సంగతి తర్వాత చూసుకుందాం. ముందుగాల మనిషిని జరపాలె" అన్నడు.

సర్వర్ వాళ్ల ముందటి అర్రలకు తీసుకపోదామని, మిషన్ బంద్ చేసి బాపును మంచంతోనే ఎత్తినం. సందు దాటుడే గదా అనుకున్నం. వాళ్లింట్ల నుస్రత్ బేగం జాగ చేసి పెట్టింది. తీరా చూస్తే మిషన్ ప్లగ్గు మందం పిన్నులది, వాళ్ల బోర్డుల పడతలేదు. ఒక బోర్డు చూసినం, ఇంకొక బోర్డు చూసినం. యాడ పడలే. బాపు నోరు తెరిచి గాలి కోసం గుంజుకుంటుండు. పెదవులు నీలంగ అయితున్నయ్. నా చెయ్యి పట్టుకున్నడు, గోర్లు దిగినయ్. సర్వర్ షాపుల్నుంచి పెద్ద బోర్డున్న వైరు గుంజుకొచ్చి, కిటికీలకెళ్లి లోపటికి ఏసి, ప్లగ్గు పెట్టిండు. మిషన్ నడిచింది. జర సేపటికి బాపు మొఖం మళ్ల మనిషి మొఖం అయింది.

తర్వాత ఆగయ్యను ఎవరం అడగలే. మొయినుద్దీన్ మెయిన్ బంద్ చేసి గోడ పలగ్గొట్టిండు. లోపట జాయింటుకు చుట్టిన టేపు బూడిదయింది. వైర్ల మీది ప్లాస్టిక్ కరిగి పైపుకు అతుక్కున్నది. చుట్టుపక్కల ఇటుక నల్లగైంది. పక్కన దర్వాజ చెక్క లోపటి దిక్కుకెళ్లి కాలుడు మొదలైంది. ఆగయ్య ఆ చెక్కను ఏలుతోని గోకి చూసిండు. బొగ్గు రాలింది. బయటికి పోయి అరుగు మీద కూసున్నడు. మొత్తం వైరింగ్ మారుస్తనని పొద్దుగూకినంక వచ్చి చెప్పిండు.

అయ్యేదాక బాపు సర్వర్ ఇంట్లనే. నుస్రత్ బేగం చాయ్ తెచ్చిస్తే అవ్వ తీసుకున్నది. తాగుకుంట, సర్వర్‌తోని తను అన్న మాటలు మనసుల పెట్టుకోవద్దని చెప్పింది. ఆయన, మిషన్ సప్పుడు ఇప్పుడు మంచిగ వస్తందా వదినా అని మాత్రం అడిగిండు.

నువ్విగ చదువు మీద పడు.

జమున


గురుకులం హాస్టల్, కరీంనగర్

అక్కా,

నీ ఉత్తరం వచ్చినంక మేడం కాడికి ఉరికి చదివి వినిపిచ్చిన. సగం చదివి కాయిదం ఆమె చేతుల పెట్టిన. మిగిలింది ఆమెనే చదువుకున్నది. సర్వర్ అన్నకు, నుస్రత్ అక్కకు నా సలాములు చెప్పు.

ఇగ నిమ్మళపడు అన్నవు. ఎట్ల పడుదు? బాపు మిషన్ లేకుండ ఒక సందు దాటలేకపోయిండు. పెదవులు నీలంగ అయినయ్. మొదటి ఉత్తరంల తింటుండు, పేపర్ చదువుతుండు అని రాసినవు. తర్వాత హుషారుగున్నడని రాసినవు. గోడ సంగతి దొరికింది గని నువ్వు దాస్తున్నదేందో నాకింక దొరకలే.

నేను గూడ ఒకటి దాచిన. ఆఫీసు రూముల ఫోన్ చేసిన దినం నాకు కెమిస్ట్రీ పరీక్ష ఉండె. పోలే. మళ్ల పెట్టిపిస్తనని మేడం మాట్లాడింది. నేను చెప్పిన గదా. ఇప్పుడు నువ్వు చెప్పు. డాక్టర్ ఏమన్నడు?

శోభ


గోదావరిఖని

శోభా,

సరే, చెప్త. బాపు ఊపిరితిత్తులు గట్టిపడ్డయ్. గవి మళ్ల మంచిగ కావని డాక్టర్ చెప్పిండు. మిషన్ కొన్ని దినాల కోసం కాదు, ఎప్పటికీ ఉండాలె. మొదలు పెట్టినప్పటికన్న ఇప్పుడు ఎక్కువ ఆక్సిజన్ పెట్టాల్సి వస్తంది. ఇంకెంత కాలం అని అడిగిన. ఒకరికి ఒక తీరుగుంటది, చెప్పలేం అన్నడు. నీకు పరీక్షలున్నయని కాదు నేను దాచింది. రాస్తే నిజమైపోతదేమో అనిపిచ్చింది.

వైరింగ్ అయిపోయింది. మన ఇంటికి మళ్ల వచ్చినం. మొయినుద్దీన్ మిషన్‌కు వేరే లైను గుంజిండు. హీటరు ఇచ్చేసి, బాపుకు రెండు ఊలు దుప్పట్లు తెచ్చినం. హీటరు పెట్టినప్పటంత కరెంటు పోయేటట్టు చేసి, సర్వర్ మళ్ల కొలిచిండు. డబ్బాకు, బోర్డుకు నడుమ రెండు వోల్టుల కన్న తక్కువే తేడా వచ్చింది.

బాపు నీకు రాస్తనని కాయిదం అడిగిండు. రాసి, మడిచి, చదవొద్దని నాకు ఇచ్చిండు. చదవలే. గిండ్లనే పెడుతున్న.

జమున


బిడ్డ శోభకు మీ బాపు రాసేది.

మాట్లాడితే దమ్ము వస్తది. రాస్తే రాదు. అందుకే రాస్తున్న.

గోడ ఊకె ఎచ్చగుండుడు కాదు, కాలుతందని అందరికన్న ముందుగాల నాకే తెలిసింది. నా వీపే గదా. చెప్తే ఆ ఎచ్చదనం కాడికెళ్లి మంచం జరుపుతరని చెప్పలే. నేను చేసింది తప్పే. మీ అవ్వ గూడ అదే ఇంట్ల పండుకుంటదన్న సోయి నాకు లేకపాయె.

గోడది అయిపోయింది. నా బుగులు వేరే ఉన్నది. బాయిల పనిచేసినన్ని దినాలు పైకప్పు సప్పుడైతే ఉరికెటోళ్లం. దుమ్ముల, చీకట్ల, ఎటుబడితే అటు ఉరికి బయట పడెటోళ్లం. ఇప్పుడు కరెంటు పోతే నేనెటు ఉరుకుదు? ఫ్యాను ఆగంగనే నా గుండె ఆగినట్టయితది. కరెంటు మంచిగున్నప్పుడు గూడ ఫ్యాను దిక్కే చూస్తుంట. పేపర్ ముంగట పట్టుకుంట గని చదువుతలేను. మీ అవ్వకు చెప్పలే. జమున ఇప్పటికే సగమైంది, దానికీ చెప్పలే.

సర్వర్ ఒక ఇన్వర్టర్ పెడతనంటుండు. కొత్త బ్యాటరీ. పన్నెండు వోల్టులది, దాని మీద నూట యాభై అని రాసున్నది. మిషన్ మీద 350 వాట్లు అని ఉన్నది. కరెంటు పోతే ఆ బ్యాటరీ నా మిషన్‌ను ఎంత సేపు నడుపుతది? గోడల దాన్ని కొలిచినవు గదా, ఇది గూడ లెక్కగట్టి రాయి. నాకు ధైర్యం చెప్పెతందుకు ఎక్కువ చేసి రాయకు.

గట్టయ్య


గురుకులం హాస్టల్, కరీంనగర్

బాపూ,

నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం ఇది. పెట్టెల పెట్టి తాళం ఏసిన.

నువ్వు అడిగిన లెక్క చేసిన. ఎక్కువ చేసి రాయలే. బ్యాటరీ పన్నెండు వోల్టులు, నూట యాభై ఆంపియర్-గంటలు. రెండూ గుణిస్తే పద్దెనిమిది వందలు. దాన్ని 350తోని భాగిస్తే మిషన్ అయిదు గంటలు నడవాలె. కాని బ్యాటరీల ఉన్నదంత వాడుకోరాదు, ఇన్వర్టర్ల గూడ కొంత పోతది. అందుకే మూడు గంటలే అనుకో. బ్యాటరీ పాతగైనకొద్దీ ఇంక తగ్గుతది, అప్పుడు రెండే అనుకో. దానికి మిషన్ తప్ప వేరే ఏదీ పెట్టనియ్యకు, టీవీ గూడ. బ్యాటరీ అయిపోతే అందుకునేటట్టు ఒక చిన్న ఆక్సిజన్ సిలిండర్ మంచం పక్కన ఉండాలెనని మేడం చెప్పింది. అది ఎట్ల తిప్పాలెనో దవాఖానల అడిగి, అవ్వ, అక్క ఇద్దరూ నేర్చుకోవాలె. అక్కకు వేరేగ రాస్తున్న. నీ బుగులు సంగతి దాంట్ల రాయలే. అది నువ్వే చెప్పాలె బాపూ. అక్క నిన్ను చూసుకుంట ఒక్కతే భయపడుతంది, నువ్వు ఫ్యాను చూసుకుంట ఒక్కనివే భయపడుతున్నవు. ఇద్దరూ ఉన్నది ఒకటే అర్రల.

నాకు గూడ బుగులైతంది. ఇక్కడ క్లాసుల ఫ్యాను ఆగినా నీ మొఖమే కండ్ల ముంగట వస్తంది. డాక్టర్ చెప్పింది అక్క రాసింది. దానికి నా కాడ లెక్క లేదు. మేడం కాడ గూడ లేదు.

శనివారం వస్తున్న. వార్డెన్ ఒప్పుకున్నది. ఇన్వర్టర్ పెట్టినంక, కరెంటు దానంతట అది పోయేదాక ఎదురుచూసుకుంట పండుకుందామా? వద్దు. మనమే కరెంటు బంద్ చేసి, మిషన్ బ్యాటరీ మీద నడుస్తదో లేదో చూద్దాం. నేను మంచం మీద నీ పక్కన కూసుంట. అవ్వ సిలిండర్ కాడ ఉంటది. నువ్వు తయారైనంక నువ్వే చెప్పు. నువ్వు చెప్పేదాక ఎవ్వరం ముట్టం. అప్పుడు జమునక్క మెయిన్ ఆపుతది.

నీ బిడ్డ,
శోభ